మొక్కు అని చెప్పి సముద్రానికి

రాజలింగం ఒక చోట కూర్చోలేడు. నింద కాదిది, మనిషి తీరే అంత. చెల్పూరు కరెంటు ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు వెంట నడవడం ఆయన కొలువు. రోలరు ఎక్కడైనా కీచుమంటోందా, బొగ్గు కింద ఒలుకుతోందా అని చూసుకుంటూ షిఫ్టు పొడుగునా ఆ కొస నుంచి ఈ కొసకు తిరుగుతూనే ఉండాలి. ఏళ్ల తరబడి అదే పని కావడంతో ఇంటికొచ్చినా ఆ కాళ్లు ఊరుకోవు. పెళ్లి బంతిలో కూర్చుంటే పప్పు వడ్డించేలోపు రెండుసార్లు లేస్తాడు. సినిమాకు పోతే ఇంటర్వెల్ కాకముందే బయటికెళ్లి తన బండి ఉందో లేదో చూసొస్తాడు. "నీ కింద ఏమన్న ముండ్లున్నయా అయ్యా?" అంటుంది భార్య సుమన.

కాళ్లు ఊరుకున్న పూట వేళ్లు ఊరుకోవు. బొటనవేలు మిగతా వేళ్ల కణుపుల మీద పాకుతూ ఏదో ఒక ఖర్చును కూడుతూనే ఉంటుంది.

అలాగని పిసినారి అందామంటే నోరు రాదు. మేడారం జాతర వచ్చిందంటే మేకపోతు దగ్గర బేరమాడడు. తల్లులకు నిలువెత్తు బెల్లం తూచి ఇచ్చేటప్పుడు కిలో ఎంతని అడగడు. చుట్టాలందరినీ బండెక్కించి, ఉన్నన్ని రోజులూ తిండీ తాగుడూ తానే చూసుకుంటాడు. రఘునాథపల్లిలో అక్క సాలమ్మ బిడ్డ పెళ్లికి మేనమామగా పెట్టాల్సిన దానికంటే ఎక్కువే పెట్టాడు. నిరుడు సుమనకు గర్భసంచి ఆపరేషనైతే హన్మకొండ దవాఖానలో లక్షా చిల్లర కట్టి, రసీదు మడిచి జేబులో పెట్టుకున్నాడే తప్ప ఒక్క మాట అనలేదు.

ఆ దవాఖాన మంచం మీద పడుకునే సుమన అడిగింది.

"పెండ్లయి ఇరవై ఏండ్లాయె. నువ్వు నన్ను తీస్కపోయిన జాగలేందో చెప్పాల్నా? గుడి, పెండ్లి, సావు. ఇగో, గీ దవాఖాన. ఒక్కసారి ఊకెనే పోదామయ్యా. ఏ పనీ లేకుండ. నాకు సముద్రం చూడాలె అనిపిస్తాంది."

"పోదాం," అన్నాడు రాజలింగం. ఆ పూట ఆమె చందమామను అడిగినా సరేననేవాడే.

"నా మీద ఒట్టెయ్యి."

ఆమె చేతికి సూది గుచ్చి ఉంది. సూది లేని చేతిని వెతుక్కుని మరీ ఒట్టేశాడు.

ఏడాది తిరిగింది. సుమన లేచి తిరగసాగింది. ఒట్టు మాత్రం ఉన్నచోటే ఉంది. బిడ్డ అఖిల ఇంటర్ పరీక్షలయ్యాక ఒకరోజు ఫోను పట్టుకొచ్చి తండ్రి ముందు కూర్చుంది. విశాఖపట్నానికి రైలు, సముద్రం కనబడే గది, తిండి, ఆటోలు అన్నీ కలిపి లెక్క చెప్పింది.

"ముప్పై వేలైతయి బాపు."

రాజలింగం లేచి నిలబడ్డాడు. ముప్పై వేలు! నీళ్లు చూడ్డానికి! ఇంటి వెనక బోరు నొక్కితే రావడం లేదా నీళ్లు? ఈ మాట నాలుక చివరి దాకా వచ్చింది గానీ, వంటింటి గడపలో సుమన నిలబడి ఉంది. మింగేశాడు. "చూద్దాం తియ్యి," అన్నాడు. "చూద్దాం కాదు బాపు, చేసేసిన," అని అఖిల ఫోను తిప్పి చూపింది. వచ్చే నెల టికెట్లు అందులో ఉన్నాయి.

ఆ రోజు నుంచీ ఆయన కాలు కాలిన పిల్లే. డబ్బు లేక కాదు. బ్యాంకులో ఉంది. కానీ ఏమని తీయాలి? మేడారానికని తీయొచ్చు, ఆపరేషనుకని తీయొచ్చు. ఉత్తపుణ్యానికి ముప్పై వేలు తీసినవాడు ఆ వంశంలో ఇంతవరకు పుట్టలేదు. పైగా పనిచేసే చోట ఒక ముచ్చట జరిగి ఉంది. రెండేళ్ల కింద వాళ్ల సెక్షన్ లోనే ఒకాయన పెళ్లాం పిల్లలతో ఊటీ పోయొచ్చాడు. ఆరు నెలలు ఆయనను "ఊటీ దొరా" అని పిలిచి చంపుకుతిన్నారు. అందరికంటే గట్టిగా నవ్విన గొంతు రాజలింగానిదే.

సెలవు కాగితం ఇచ్చిన రోజు, షిఫ్టు జోడు నారాయణ టీ కొట్టు దగ్గర అడిగాడు. "ఏందే, నాలుగు రోజులు సెలవు పెట్టినవట? యాడికి?"

రాజలింగం నోరు దానంతట అదే పలికింది. "సింహాచలం. సుమనకు బాగుంటే వస్తమని మొక్కిన."

"మంచి పని," అన్నాడు నారాయణ. అంతే. నవ్వలేదు, ఎంతవుతుందని అడగలేదు. రాజలింగం గుండె మీది బండ దిగిపోయింది. ఎంత తేలిక! మొక్కు అనే ఒక్క మాటతో ముప్పై వేలకు ముఖం వచ్చింది. ఇంటికి పోయే దారిలో ఎదురైన వాళ్లకూ, ఫోన్లో అక్క సాలమ్మకూ అదే చెప్పుకుంటూ పోయాడు.

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందట. ఆ వైపు ఊళ్లలో ఎవరైనా మొక్కుకు పోతున్నారని తెలిస్తే, పోలేని వాళ్లు తమ ముడుపు వాళ్ల చేతికిస్తారు. పసుపు బట్టలో ఇంత డబ్బు పెట్టి ముడేసి, "మా పేరున హుండీలో వెయ్యుండ్రి" అంటారు. కాదనడానికి వీల్లేదు. కాదంటే దేవుడికి అడ్డం పడ్డట్టు. మర్నాటి నుంచి రాజలింగం ఇంటికి ముడుపులు రావడం మొదలైంది. నారాయణ పెళ్లాం తెచ్చింది. వెనక వీధి ప్రవళిక పెళ్లి కుదరాలని తెచ్చింది. సాలమ్మ ఫోన్లో "నా పేరున నూటొక్కటి వెయ్యిరా తమ్మీ, వచ్చినంక ఇస్త" అంది. చివరికి ఇంటి ఓనరు ఈదమ్మ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఆమెకు ముందూ వెనకా ఎవరూ లేరు. సుమన దవాఖానలో ఉన్నన్ని రోజులూ అఖిలకు అన్నం వండిపెట్టింది ఆమే.

"నువ్వొక్కనివే మొక్కినవనుకున్నవారా?" అంది రాజలింగంతో. "ఈ బిడ్డ లేచి మునుపటోలె తిరగాలె అని నేను గూడ నర్సింహసామికి మొక్కిన. కాళ్లు లేక పోలేకపోయిన. ఇగో, పట్టు." ముడుపు సుమన చేతిలో పెట్టి, ఆమె తల నిమిరి వెళ్లింది.

సుమన దాన్ని మిగతా ముడుపుల పక్కన పెట్టింది. తర్వాత లోపలికి పోయి బీరువాలోంచి ఒక జత బట్టలు తీసి మంచం మీద పడేసింది. నీలం రంగు పంజాబీ డ్రెస్సు. సముద్రం దగ్గర వేసుకోవాలని, వీధిలోనే బట్టలు కుట్టే లతీఫా బేగంతో కుట్టించుకుంది. నలభై ఏళ్ల వయసులో మొదటి డ్రెస్సు. కొలతలు తీసేటప్పుడు సిగ్గుతో చచ్చిపోయిందట. మళ్లీ ఆ సంగతి అఖిలకు చెప్పి నవ్వింది కూడా.

"ఇదేసుకుని బస్సెక్కుదామనుకున్న. ఇప్పుడెట్ల ఎక్కాలె? మొక్కుకు పోయేది గిట్ల పోతాందేందని వాడకట్టంత నోరెళ్లబెట్టదా? సముద్రం చూపిస్తనని ఒట్టేసి, ముడుపుల మూట నెత్తికెత్తినవ్. నాతోని బయటికి పోవుడు గంత నామోషా నీకు?"

"నామోషీ కాదే..." అన్నాడు. బయటికి పోయి బండి తుడిచాడు. పొద్దున్నే తుడిచిన బండి.

డ్రెస్సు సంచి అడుగుకు పోయింది. పైన ముడుపులు కూర్చున్నాయి.

రైలు వరంగల్ లో ఎక్కాల్సింది. మహబూబాబాద్ లో ఎక్కితే టికెట్టు కాస్త తక్కువని రాజలింగం పట్టుబట్టి అక్కడికి మార్పించాడు. తీరా అక్కడి దాకా ముగ్గురి బస్సు చార్జీలు, తగ్గిన దానికి రెండింతలయ్యాయి. అఖిల ఆ లెక్క చెప్పబోతే సుమన మోచేత్తో పొడిచింది. స్టేషనుకు గార్ల నుంచి సుమన తమ్ముడు శ్యాం సద్దన్నం, సకినాలు పట్టుకొచ్చాడు. పట్టుకొచ్చినవాడు ఊరుకున్నాడా, వాళ్లమ్మ ముడుపు కూడా తెచ్చాడు!

విశాఖలో దిగగానే అసలు పరేషాన్ మొదలైంది. సముద్రం కనబడే గదిని రాజలింగం దారిలోనే రద్దు చేయించాడు. "నిద్రల సముద్రం కనవడ్తదా? పండుకునేతందుకు ఎక్కడైతేంది?" అని. మే నెల ఎండలో సంచులు మోసుకుంటూ స్టేషను చుట్టూ లాడ్జీ నుంచి లాడ్జీకి తిప్పాడు. ఒక దాంట్లో రేటు ఎక్కువ, ఒక దాంట్లో రేటు తక్కువ గానీ వాసన, ఇంకో దాంట్లో రెండూ. చివరి దాంట్లో కౌంటరు కుర్రాడు ఈయన "గంతనా?" అన్నదాన్ని "గంతనే!" అని సాగదీసి నవ్వాడు. అఖిల చర్రున లేచింది. "సినిమాలు జర ఎక్కువ చూస్తవనుకుంట అన్నా. తాళమియ్యి." వాడి నవ్వు ఆగింది, తాళం వచ్చింది. అప్పటికి పొద్దు వాలుతోంది.

సిటీ బస్సు పట్టుకుని బీచికి పోయేసరికి జనం జాతరలా ఉన్నారు. సుమన రోడ్డు దాటి, గోడ దగ్గర ఆగి చూసింది. గోడ మీద రెండు చేతులూ ఆనించి మునివేళ్ల మీద లేచింది. కాసేపటికి "ఒక కొబ్బరిబోండం తాగుత," అంది. రాజలింగం రేటు అడిగాడు. అడిగి ముందుకు నడిచాడు. రెండో బండి దగ్గర అడిగాడు, మూడో దాని దగ్గరికి పోయాడు. పది రూపాయల తేడా కోసం బీచి పొడుగునా నడిపించాడు. ఒక కన్ను రేటు మీద, ఒక కన్ను లాడ్జీకి పోయే ఆఖరి బస్సు మీద. నీళ్ల దగ్గరికి దిగి పాదాలు తడుపుకుందో లేదో, "అయిందా? పోదామా?" అన్నాడు.

"బోండం?" అని అఖిల గుర్తు చేసింది.

"వద్దు తియ్యి. దూప తీరిపోయింది," అంది సుమన. అంతదూరం తిరిగినదానికి దాహం ఎట్లా తీరుతుంది? ఆమె తీరిందంటే ఈయన నమ్మాడు. నమ్మడం చవక గదా!

మర్నాడు సింహాచలం. ముడుపులు మోసుకొచ్చాక పోక తప్పుతుందా? కొండ మీద ధర్మదర్శనం వరస పాములా మెలికలు తిరిగి ఉంది. రాజలింగం దానివైపు ఒక్కసారి చూసి, నేరుగా టికెట్ల కిటికీకి పోయాడు. ముగ్గురికీ అన్నింటికంటే పెద్ద టికెట్టు. సుమన పేరున అర్చన. పూలు, కొబ్బరికాయలు. ముడుపులన్నీ ఒక్కొక్క పేరు చెప్పుకుంటూ హుండీలో వేశాక, వీధికంతా పంచాలని సంచి నిండా లడ్డూలు. బయటికొచ్చి, సాధువు ఒకాయన చెయ్యి చాస్తే వంద నోటు. ఆ కాసేపట్లో బొటనవేలు ఒక్కసారి కూడా కణుపుల మీదికి పోలేదు. మనిషి ముఖం తేటగా ఉంది.

సుమన మెట్ల మీద కూలబడింది.

"ఎంతయింది?" అని అడిగింది.

"గుడికాడ లెక్క చూస్తరే పిచ్చిదానా?"

"నిన్న నాకు బోండం కొనరాలే నీకు." ఆమె మూడు వేళ్లు చూపింది. "మూడు బండ్లు తిప్పినవ్. ఇయ్యాల గంత పెద్ద నోట్లు ఎట్లొచ్చినయి చేతికి? దేవునికి పెడితే పుణ్యమొస్తది, దవాఖానల పెడితే పానమొస్తది. నాకు పెడితే ఏమొస్తదని గదా నీ పరేషాన్? ఏం రాదయ్యా. నిజంగనే ఏం రాదు. ఊకెనే పోదామని అడిగిందే గందుకు."

రాజలింగం లడ్డూల సంచిని మెట్టు మీద దించాడు. అఖిల అటు తిరిగి కోతులను చూస్తున్నట్టు నటించింది. ఏడాది కింద మంచం మీద పడుకుని ఇదే మనిషి ఇదే మాట అడిగింది. అప్పుడు ఆయన చెవికి సముద్రం ఒక్కటే వినబడింది. దానికి ముందు ఆమె అన్న ‘ఊకెనే’ ఇప్పుడు వినబడుతోంది.

సాయంత్రం రైలుకు తిరుగు టికెట్లున్నాయి. లాడ్జీకొచ్చి గది ఖాళీ చేసేముందు సుమన తలుపేసుకుని కాసేపటికి బయటికొచ్చింది. నీలం డ్రెస్సు. చున్నీ ఎట్లా వేసుకోవాలో తెలియక పైట మాదిరి చుట్టుకుంది. అఖిల సరిచేసింది. రాజలింగం చూసి, "ఆటో మాట్లాడుత," అన్నాడు. మాట్లాడాడు. ఎంతని అడగకుండానే ఎక్కాడు గానీ, దారంతా మీటరు లేని ఆటోలో మీటరు కోసం వెతుక్కుంటూనే ఉన్నాడు.

ఈసారి సుమన నేరుగా నీళ్ల దగ్గరికి పోయి తడి ఇసుకలో కూర్చుంది. అల వచ్చి కాళ్లను ముంచి, కింద ఇసుకను లాక్కుపోతే చిన్నపిల్లలా కేక పెట్టింది. "అఖిలా, కిందికెల్లి భూమి పోతాందే!" అని నవ్వింది. రాజలింగం మొదటి బండి దగ్గరే మూడు బోండాలు కొట్టించి తెచ్చాడు. ఆమె తాగి, ఆ కాయను పక్కన పెట్టి, మళ్లీ సముద్రం వైపు తిరిగింది.  ఆమె భుజాలు కిందికి దిగి ఉన్నాయి. ఇరవై ఏళ్లలో ఆమె ఇంత తీరుబాటుగా కూర్చోగా ఆయన చూడలేదు. కూర్చోవడం ఆమెకు కూడా రాదనుకున్నాడు ఇన్నాళ్లూ.

ఆయన మాత్రం వెనక పచార్లు చేస్తున్నాడు. గడియారం, ఆటో, స్టేషను, ఎన్నో నంబరు ప్లాటుఫారం. లెమ్మనాలి. ఇక లెమ్మనాలి. గొంతు సవరించుకున్నాడు.

ఆయన ఇంకా అననే లేదు. సుమనే లేచింది. చేతులకంటిన ఇసుక దులుపుకుని, "పోదాం పాండ్రి. బండి టైమైతాంది," అంది. ముఖంలో కోపం లేదు, అలక లేదు. వంట మధ్యలో ఎవరో పిలిస్తే లేచినట్టు లేచింది.

అది తగిలింది రాజలింగానికి. తిట్టినా అంత తగిలేది కాదు. పిలవకముందే లేవడం ఈమెకు ఎవరు నేర్పారు? ఇంకెవరు, తానే.

"కూసో," అన్నాడు.

"బండి పోతది."

"పోతే పోనీ. నువ్వు కూసో."

"టికెట్ల పైసలు..." అని ఆమే అంది. చూశారా, ఆయన రోగం ఆమెకూ అంటింది!

"పోనియ్యి అంటే ఇనవడ్తలేదా?" అని అరిచాడు. పక్కనున్న పల్లీల ఆయన ఉలిక్కిపడ్డాడు. రాజలింగం వచ్చి, ప్యాంటు తడుస్తుందని కూడా చూసుకోకుండా భార్య పక్కన ఇసుకలో కూలబడ్డాడు. ఫోను అఖిల చేతికిచ్చాడు. "నువ్వు మొదలు చేసిన రూముంది సూడు, సముద్రం కనవడేది. ఖాళీ ఉన్నదేమో అడుగు. రేపటికి టికెట్లు చెయ్యి. నారాయణకు నేను ఫోన్ చేస్త, ఒక షిఫ్టు సూడుమని."

"బాపు, జరం గిట్ల వచ్చిందా?" అంది అఖిల, అప్పటికే వేళ్లు ఫోను మీద ఆడిస్తూ.

రైలు వెళ్లే వేళ అయింది, దాటింది. ఆయన కాళ్లు రెండుసార్లు అదిరాయి. లేవలేదు. సుమన పక్కకు చూడకుండానే ఏడ్చింది, చున్నీతో తుడుచుకుంది, మళ్లీ సముద్రాన్నే చూసింది.

అనుకున్న దానికి ఒక రోజు ఆలస్యంగా చెల్పూరులో ఆటో దిగారు. వీధి అరుగుల మీద సాయంత్రపు జనం. నారాయణ కూడా ఉన్నాడు. మొదట రాజలింగం దిగాడు, తర్వాత అఖిల, తర్వాత నీలం డ్రెస్సులో సుమన. లతీఫా బేగం తన గుమ్మంలోంచి చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మిగతా వాళ్ల మాటలు ఆగిపోయాయి.

ఈదమ్మ కర్ర ఊతంతో ముందుకొచ్చింది. "ఏందే సుమనా, గీ బట్టలేంది? మొక్కుకు పోయినోళ్లు గిట్లనా వచ్చుడు? నిన్ననే రావాల్నంటిరి గదా?"

 సుమన మొగుడి వైపు చూసింది. నువ్వు మొదలుపెట్టిందే, నువ్వే చెప్పు అన్నట్టు.

రైలు తప్పింది అంటే సరిపోతుంది. ఆ మాట నాలుక మీద తయారుగా ఉంది. రాజలింగం దాన్ని మింగాడు.

"మొక్కేం లేదవ్వా. అబద్ధం చెప్పిన. సుమన సముద్రం చూస్తనన్నది, తీస్కపోయిన. అది ఇంకింత సేపు కూసుంటె బాగుండనిపించింది, ఒకరోజు ఉన్నం. మీ ముడుపులైతే అందరియి ఏసినం. నీది సుమననే తన చేతులతోని ఏసింది."

"ఎంతయిందే?" అన్నాడు నారాయణ వెనక నుంచి.

"నలభై మూడు వేలు." గట్టిగానే చెప్పాడు. వీధి చివరి దాకా వినబడింది.

"నలభై మూడు వేలా! మరి ఏం తెచ్చినవే?"

"ఏం తేలే. కూసున్నం, చూసినం, వచ్చినం."

"ఓహో, సముద్రం దొర!" అన్నాడు నారాయణ. అందరూ నవ్వారు. అనుకున్నదే అయింది. అయినా చావలేదే, అని రాజలింగానికి ఆశ్చర్యం వేసింది.

ఈదమ్మ మాత్రం నవ్వలేదు. అఖిల చేతికిచ్చిన లడ్డూ కళ్లకద్దుకుని కొంగున ముడేసుకుంది. అబద్ధం మీద తన ముడుపు పంపిన పాపానికి ఇక తిట్లు మొదలవుతాయని రాజలింగం తల వంచుకున్నాడు. ఆమె సుమన డ్రెస్సు అంచు పట్టుకుని బట్ట నలిపి చూసింది. పైనుంచి కిందికి మనిషిని చూసింది.

"ఈ బిడ్డ లేచి తిరగాలె అని గదా నేను మొక్కింది," అంది. "తిరగనే తిరిగె. ఇగ నా మొక్కుకేం తక్కువైంది?"

సుమన ఆమెను పట్టుకుని బావురుమంది. ముసలామె వీపు నిమురుతూ, రాజలింగం వైపు తల తిప్పింది.

"మల్లెప్పుడు పోతరురా? ఈపాలి ముడుపియ్య. నేనే వస్త."

రాజలింగం బొటనవేలు అప్పుడే చూపుడువేలి మొదటి కణుపు మీదికి పోయింది. సుమన ఏడుస్తూనే ఆ చేతి మీద ఒక్కటి కొట్టింది.